చెట్టు రంగు నిలవాలంటే మట్టి కావాలి
సరూర్‌నగర్ చెరువుకు మేలు చేసే చిన్న కిటుకు

సైదాబాద్: వినాయక చవితి తర్వాత సైదాబాద్, చంపాపేట వీధుల్లోని చాలా విగ్రహాలు పక్కనున్న సరూర్‌నగర్ చెరువుకే చేరతాయి. విగ్రహం మట్టిదా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌దా అన్న చర్చ ఏటా జరుగుతూనే ఉంది. దానికి పూసే రంగు సంగతి మాత్రం వెనకబడిపోతోంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాలు ప్లాస్టర్ విగ్రహాలను వద్దన్నాయి. పూలు, ఆకులు, బెరడు, వేర్లు, గింజల నుంచి తీసిన సహజ రంగులు వాడాలని సూచించాయి. కొన్ని రసాయన రంగుల్లో ఉండే సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు చెరువు బురదలో చేరితే చేపల ద్వారా తిరిగి మనిషి కంచంలోకే వస్తాయి. రాష్ట్ర హైకోర్టు కూడా 2021లో హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనం కూడదన్నది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి సడలింపు ఇచ్చింది.

నిబంధన బాగానే ఉంది. ధూల్‌పేట కళాకారుడి చేతికి రంగు ఎలా రావాలి? చెట్టు రంగంటే కషాయమే. కుంచెతో పూస్తే మరకలు కడుతుంది, ఎండకు వెలుస్తుంది, చినుకు పడితే కారిపోతుంది. బజారులో డబ్బా రంగు సిద్ధంగా దొరుకుతుంటే ఈ బాధ ఎవరు పడతారు?

ఒక గ్రాములో 800 గజాలు

ఈ చిక్కుకు విరుగుడు మట్టిలోనే ఉంది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను పుష్కలం. ఇది పుస్తకంలో కాగితాల్లా పలుచని పొరలుగా ఉంటుంది. ఒక గ్రాము మన్నులోని పొరలన్నీ విడదీసి పరిస్తే 700 చదరపు మీటర్లకు పైగా, అంటే 800 గజాల ప్లాటు దాటుతుంది. రంగు అణువులు వచ్చి ఈ పొరలను అంటిపెట్టుకుంటాయి. దీనినే అధిశోషణం అంటారు. నూనె మిల్లుల్లో నూనె రంగు తీయడానికి ప్రత్యేక మట్టిని వాడేది ఈ గుణం వల్లనే.

అయితే ఒక మెలిక ఉంది. ఈ పొరలపై ఋణ విద్యుదావేశం ఉంటుంది. మానుపసుపులోని బెర్బెరిన్ ధనావేశం గలది కనుక వెంటనే అతుక్కుంటుంది. మంజిష్ఠ, మోదుగ పూల వంటి రంగులు అంత సులువుగా అతకవు. మధ్యలో ఒక మధ్యవర్తి కావాలి.

రొయ్య పొట్టు సాయం

ఆ మధ్యవర్తిత్వం పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసు అణువులు చేయగలవు. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ పులుపు నీటిలో కరిగి ధనావేశం పొందుతుంది. ఒక పక్క మట్టినీ, మరో పక్క రంగునూ పట్టుకుంటుంది. కోస్తాలో రొయ్యల పరిశ్రమ వదిలే పొట్టుకు కొదవ లేదు.

పటిక చేసే పనీ ఇలాంటిదే. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు పటికతో చిరివేరు, మంజిష్ఠ ఎరుపును గుడ్డకు పట్టించే విద్య తరతరాలుగా ఎరుగుదురు. మధ్య అమెరికాలో మాయా జాతి వారు నీలిమందును పాలిగోర్‌స్కైట్ అనే మట్టితో కలిపి వేడిచేసి తయారుచేసిన నీలం శతాబ్దాలు గడిచినా గోడలపై వెలవలేదు. అలాంటి మట్టి మన దక్కన్ ట్రాప్ శిలల్లోనూ ఉంది.

చేసి చూడవచ్చు

మోదుగ పూలు మరిగించి వడకట్టి, అందులో పటిక కరిగించి, కొద్దికొద్దిగా చాకలి సోడా కలిపితే పొంగి, రంగుతో కూడిన ముద్ద అడుగున చేరుతుంది. ముల్తానీ మట్టి కలిపితే బరువూ, పట్టూ వస్తాయి. వడకట్టి నీడన ఆరబెట్టి నూరితే పొడి రంగు సిద్ధం. తుమ్మజిగురుతో కలిపి పూయవచ్చు.

ఇదేదో సర్వరోగ నివారిణి కాదు. ఎండకు వెలిసే గుణం కొంత తగ్గవచ్చు గాని పూర్తిగా పోదు. పటికకు బదులు క్రోమియం లవణాలు వాడితే చెట్టు రంగు కూడా విషమే అవుతుంది. రంగు నీళ్లను శుద్ధి చేసిన మట్టిని మళ్లీ చెరువులోనే పోస్తే ప్రయోజనమూ లేదు.

తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది. నగరంలో పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఏటా మట్టి విగ్రహాలు పంచుతున్న కాలుష్య నియంత్రణ మండలి చవితికి ముందే ధూల్‌పేటలో పొడి రంగుల తయారీపై శిక్షణ ఇప్పించి, సరసమైన ధరకు రంగులు అందించడం అవసరం. చెరువు బాగు కోరుతూ, కళాకారుడిపైనే భారమంతా మోపడం న్యాయం కాదు.