మూడు కేసులతో చెయ్యి తిరగదు

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ పక్కనున్న భుయ్యాడీహ్‌లో ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. "పొద్దుటి ఎండ చూపించండమ్మా, అదే పోతుంది" అంటుంది ఇంటి పెద్దావిడ. టాటా కంపెనీ పనికని శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డ తెలుగిళ్లలోనూ ఇదే మాట. చాలామందికి ఆవిడ అన్నట్టే అవుతుంది. అది ఎండ మహిమ కాదు, బిడ్డ కాలేయం పనిలో పడటం వల్ల. ఏ పదిహేను వేల మందిలోనో ఒకరికి మాత్రం పచ్చదనం పోదు. కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తెచ్చే నాళాలు మూసుకుపోయి ఉంటాయి. ఈ జబ్బు పేరు బిలియరీ అట్రీసియా. వదిలేస్తే రెండేళ్లు నిండేలోపే ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి దారి చూపినవాడు జపాన్‌లోని సెండాయ్ నగర సర్జన్ మోరియో కాసాయ్. 1950లలో ఆయన మొదలుపెట్టిన ఆపరేషన్‌నే ఇప్పటికీ చేస్తున్నారు. ముడుచుకుపోయిన నాళాలను తీసేసి, పేగులో ఒక భాగాన్ని పైకి తెచ్చి, కాలేయం అడుగున కుట్టేస్తారు. చెప్పడానికి ఇంతే. కష్టమంతా కాలేయం గుమ్మం దగ్గర గట్టిపడ్డ కండను కోయడంలో ఉంది. పైపైన కోస్తే లోపలి సన్నని నాళాలు తెరుచుకోవు. లోతుగా పోతే కాలేయమే గాయపడి మచ్చకట్టి, ఉన్న దారీ మూసుకుపోతుంది. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఎక్కడ ఆగాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది కానీ, ఆగడం చేతికి తెలియాలి. సుమారు 60 రోజుల వయసు లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైన కొద్దీ కాలేయం గట్టిపడుతూ పోతుంది.

చేతికి తెలియడం అంటే ఎన్నిసార్లు చేయాలి? ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూం జిల్లా జనాభా 2011 లెక్కల్లో దాదాపు 23 లక్షలు. వెయ్యికి 20 కాన్పుల చొప్పున వేసుకుంటే ఏడాదికి 46 వేల మంది పిల్లలు. అంటే జిల్లా మొత్తానికి బిలియరీ అట్రీసియా కేసులు మూడు. అవన్నీ ఒకే డాక్టరు దగ్గరికి వచ్చినా, మూడు కేసులతో ఎవరికీ చెయ్యి తిరగదు.

పిల్లల సర్జన్లకు ఫెలోషిప్పులు పుట్టుకొచ్చింది ఈ లెక్క నుంచే. మన దేశంలో ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, జనరల్ సర్జరీ ఎంఎస్‌కు మూడు, పిల్లల సర్జరీలో ఎంసీహెచ్‌కు మరో మూడు. హైదరాబాద్ నీలోఫర్‌లోనో, విశాఖ కేజీహెచ్‌లోనో ఆ చదువు ముగించి బయటికి వచ్చిన డాక్టరు హెర్నియాలు, పేగు మెలికలు, మలద్వారం లేకుండా పుట్టిన పిల్లల ఆపరేషన్లు చేయగలడు. ఆ పైన కాలేయం, మూత్రనాళాలు, కేన్సర్ గడ్డలు, కీహోల్ సర్జరీ లాంటి ఏదో ఒక దారి ఎంచుకుని, ఆ కేసులు ఎక్కువగా వచ్చే చోట ఏడాదో రెండేళ్లో పనిచేస్తే అది ఫెలోషిప్.

కీహోల్ సర్జరీనే తీసుకోండి. అన్నవాహిక తెగిపోయి పుట్టే బిడ్డలు సుమారు నాలుగు వేలకు ఒకరు. నోట్లో ఊరిన ఉమ్మి కిందికి దిగదు, నురుగు కక్కుతుంటారు. ట్యూబు వేస్తే పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఛాతీని తెరవకుండా, మూడు మిల్లీమీటర్ల పనిముట్లతో ఆ రెండు కొసలనూ కలపడం 1999 నుంచి సాధ్యమైంది. రెండున్నర కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నెత్తురు రెండు చిన్న టీ గ్లాసులకు మించదు. పెద్దవాళ్లలో లెక్కలోకి రాని రక్తస్రావం ఇక్కడ ప్రాణాంతకం. బిడ్డ ఒళ్లు చల్లబడకూడదని థియేటర్‌ను వెచ్చగా ఉంచుతారు, సర్జన్లు చెమటలు కక్కుతారు. ఆ ఉక్కలో తెరను చూస్తూ వెంట్రుక లాంటి దారంతో లోపలే ముడి వేయాలి. కొన్నిచోట్ల ముందు త్రీడీ ప్రింటర్‌లో అచ్చేసిన శిశువు పక్కటెముకల గూట్లో, జంతువుల కండ మీద సాధన చేయిస్తారు. మంచి పద్ధతే. అయితే ఫెలోషిప్ విలువ సర్టిఫికెట్‌లో ఉండదు, లాగ్‌బుక్‌లో ఉంటుంది. చూసినవెన్ని, సాయం పట్టినవెన్ని, తన చేత్తో చేసినవెన్ని? ఏడాదంతా కెమెరా పట్టుకు నిలబడితే దాన్ని శిక్షణ అనలేం.

కేసుల సంఖ్యకూ ఫలితానికీ ఉన్న బంధాన్ని బ్రిటన్ ముందే గుర్తించింది. ఏడాదికి అయిదు కంటే తక్కువ బిలియరీ అట్రీసియా కేసులు చూసే ఆసుపత్రుల్లో ఫలితాలు బాగా లేవని తేలడంతో, 1999 నుంచి ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ లండన్ కింగ్స్ కాలేజ్, బర్మింగ్‌హామ్, లీడ్స్ కేంద్రాలకే ఆ పని అప్పగించారు. చిన్న దేశం కాబట్టి చెల్లింది. భుయ్యాడీహ్ తల్లికి రాంచీలోని రిమ్స్ ఆసుపత్రి దాటితే, జార్ఖండ్ వాళ్లకు అలవాటైన వేలూరు ఆసుపత్రి ప్రయాణమే. టాటానగర్‌లో ఎక్కి కాట్పాడిలో దిగేదాకా రాత్రీ పగలూ రైల్లోనే. కాబట్టి పెద్ద కేంద్రాల్లో నేర్చుకున్న సర్జన్లలో కొందరైనా రాంచీ, జంషెడ్‌పూర్ లాంటి చోట్లకు తిరిగి రావాలి. కనీసం జబ్బును పసిగట్టి వేళకు పంపడానికి, ఆపరేషన్ అయ్యాక ఏళ్ల తరబడి బిడ్డను కనిపెట్టుకుని ఉండటానికి. కాసాయ్ ఆపరేషన్ చేయించుకున్న పిల్లల్లో చాలామందికి ఎప్పటికైనా కాలేయ మార్పిడి అవసరమవుతుంది. 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో మన దేశపు తొలి విజయవంతమైన పిల్లల కాలేయ మార్పిడి ఈ జబ్బున్న బాబుకే జరిగింది. తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు.

ఎంత గొప్ప ఫెలోషిప్ చేసిన సర్జనైనా బిడ్డ నాలుగో నెలలో వస్తే చేయగలిగేది తక్కువ. తైవాన్‌లో 2004 నుంచి ప్రతి బాలింతకూ మలం రంగులు అచ్చేసిన కార్డు ఇస్తున్నారు. మనకు కార్డు లేకపోయినా కళ్లున్నాయి. బిడ్డకు పద్నాలుగు రోజులు దాటినా కామెర్లు తగ్గకపోయినా, దొడ్డికి సున్నంలా తెల్లగా వెళ్తున్నా ఎండ కోసం చూడకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయమని అడగండి. పుట్టిన బిడ్డ ఆకుపచ్చ పసరు కక్కితే మాత్రం అది పేగు మెలిక కావచ్చు, తెల్లారేదాకా కూడా ఆగవద్దు.