కూర్చున్నాక బేరం లేదు

న్యూయార్క్‌లోని హార్లెమ్. 125వ వీధి సబ్‌వే మెట్లెక్కి పైకి రాగానే ‘హెయిర్ బ్రెయిడింగ్, మిస్?’ అన్న పిలుపు వినిపిస్తుంది. పిలిచేది సెనెగల్, మాలి, గినియా, ఐవరీకోస్ట్‌ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మహిళలు. కాస్త దిగువన 116వ వీధి చుట్టుపక్కల ప్రాంతానికి ‘లిటిల్ సెనెగల్’ అనే పేరే పడింది. జడలల్లే సెలూన్లకు ఈ పేట పెట్టింది పేరు.

సెలూన్‌లో అడుగుపెట్టగానే మొదలయ్యేది బేరం. జడ ఎంత సన్నం, ఎంత పొడవు, సవరం మీరు తెచ్చుకున్నారా, మేమే ఇవ్వాలా? ఈ లెక్కలన్నీ కలిస్తే రెండు మూడు వందల డాలర్లు మామూలే. ఒకరి ‘మీడియం’ ఇంకొకరికి లావు. అందుకే అనుభవమున్నవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి, అన్నీ కలిపి ఎంతో తేల్చుకున్నాకే కుర్చీ ఎక్కుతారు. సగం తల అల్లాక రేటు పెంచితే చేసేదేముంది? మిగతా సగం విరబోసుకుని వీధిలోకి వెళ్లలేరు కదా!

దువ్వెన తోకతో మాడు మీద పాపిళ్లు తీసి, చిన్న చిన్న చదరాలుగా విడదీస్తారు. బాక్స్ బ్రెయిడ్స్ అయితే ఒక్కో కుదురు దగ్గరే సవరం కలిపి అల్లుతారు. నాట్‌లెస్ రకంలో సొంత జుట్టుతో మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ కొంచెం కొంచెంగా సవరం చేరుస్తారు. కుదుళ్ల మీద లాగుడు తక్కువ. పట్టే సమయం, అయ్యే ఖర్చు ఎక్కువ. చివర్లు విడిపోకుండా వేడినీళ్లలో ముంచుతారు. సన్నజడలైతే ఇదంతా ఆరు నుంచి ఎనిమిది గంటల పని.

అంతసేపూ తల పరాయి చేతుల్లోనే. త్వరగా అవుతుందని ఇద్దరు చెరోవైపు కూర్చుంటే, ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు. తల మీదుగా సెనెగల్ భాష వోలోఫ్‌లో కబుర్లు సాగుతుంటే ‘నా గురించేనా?’ అని అనుమానం. నొప్పంటే ‘అయిపోవచ్చింది’ అనే జవాబు. ఆ నొప్పిని మాత్రం ఓర్చుకోకూడదు. పదేపదే బిగించి అల్లితే నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది. దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. సవరం సంగతీ చూసుకోవాలి. తిరుమల తలనీలాలు వేలంలో అమ్ముడై విగ్గులు, సవరాల వ్యాపారంలోకి వెళ్తాయి గానీ, ఈ జడల్లో ఎక్కువగా కలిసేది కనెకలాన్ వంటి సింథటిక్ పోగే. 2025లో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 10 రకాల సింథటిక్ సవరాలను పరీక్షిస్తే, అన్నింటిలోనూ కేన్సర్ కారకాలు, తొమ్మిదింటిలో సీసం బయటపడ్డాయి.

అయినా కుర్చీలు ఖాళీగా ఉండవు. ఒకసారి అల్లించుకుంటే వారాల తరబడి పొద్దున్నే జుట్టుతో కుస్తీ పట్టే పని తప్పుతుంది. ఒకప్పుడు నల్లజాతివారి ఈ జడలే ఆఫీసుల్లో, బడుల్లో ఆక్షేపణకు గురయ్యేవి. 2019లో కాలిఫోర్నియా, ఆ వెంటే న్యూయార్క్ క్రౌన్ చట్టం తెచ్చి, జుట్టు తీరును బట్టి చూపే వివక్షను జాతి వివక్ష కిందకు చేర్చాయి. 2023లో జోసెలిన్ బయో నాటకం ‘జాజాస్ ఆఫ్రికన్ హెయిర్ బ్రెయిడింగ్’ హార్లెమ్ సెలూన్‌లోని ఒక రోజును బ్రాడ్‌వే రంగస్థలం మీదికి తెచ్చింది. పేచీపెట్టే కస్టమర్లూ, వలస కాగితాల భయంతో బతికే పనివాళ్లూ అందులో ఒకే కప్పు కింద కనిపిస్తారు.

ఆ పనివాళ్ల బతుకు తెలిసినవాళ్లు మరీ గీచిగీచి బేరమాడరు. తొందరపెడితే పాడయ్యేది తమ జడే. చేయి కుదిరిన మనిషి దొరికితే షాపు బోర్డుతో పని లేదు, ఆమె నంబరు దాచుకుంటారు. ఆమె వేరే సెలూన్‌కు మారితే వీళ్లూ అక్కడికే వెళ్తారు. ‘పోయినసారి లాగే’ అంటే చాలు, ఇక రేటు మాట రాదు.