అమ్మమ్మ జాకెట్టే ఆది!

‘ఆది జాకెట్టు తెచ్చారామ్మా?’... పటమటలో ఏ టైలరు దగ్గరికి వెళ్లినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. టేపుతో ఎన్ని కొలతలు తీసుకున్నా, ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు చేతికొస్తేనే వాళ్లకు ధీమా. మరి బుట్టచేతుల జాకెట్టో, వెనక బెల్టు ముడి వేసుకునే కుచ్చుల గౌనో, అడుగున మడతలు పెట్టిన పరికిణీనో కావాలంటే? దానికి ఆది బజార్లో దొరకదు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది!

పాత తరం కట్టూబొట్టూ మీద మోజు కొత్తేమీ కాదు. బెజవాడలో నాట్యం నేర్చుకుని, నాటకాలాడి వెండితెరకు వెళ్లిన సావిత్రి కథతో 2018లో ‘మహానటి’ వచ్చింది. ఆ సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకు జాతీయ అవార్డు దక్కింది. అప్పటి జాకెట్లు ఎంత పొందికగా ఉండేవో ఈ తరం అమ్మాయిలకూ తెలిసింది. అయితే రెడీమేడ్‌గా దొరికే ‘పాత మోడల్’ చాలావరకు పైపై పోలికే. సాగే గుడ్డ, వెనకొక జిప్పు... అంతే. ఆనాటి అందమంతా కత్తిరింపులో ఉంది. అది కావాలంటే ఇంట్లో మిషన్ మీది దుమ్ము దులపాల్సిందే.

మన గుడ్డ... దొరల గౌను

గౌను మనకు విదేశీయులు నేర్పిందే అనుకుంటాం. కానీ వాళ్ల గౌనుకు గుడ్డ వెళ్లింది మన తీరం నుంచే! పటమటను ఒరుసుకుని పోయే బందరు రోడ్డు చివర ఉన్న మచిలీపట్నంలో 1611లో ఇంగ్లిషు కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి ఐరోపా చేరాయి. పూలూ లతలూ ఉన్న ఆ నూలుబట్ట మీద అక్కడి ఆడవాళ్లు ఎంత మనసు పడ్డారంటే, తమ బతుకు పోతోందని సొంత నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తేయలేదు. ఇంగ్లండు 1721లో చాలా రకాల అద్దకం నూలుబట్టలు ధరించడాన్నే తప్పు చేసింది. 

బందరు పక్కనే ఉన్న పెడనలో చెక్క అచ్చులతో ఇప్పటికీ కలంకారీ అద్దుతున్నారు. కరక్కాయ, నీలిమందు, బెల్లమూ ఇనుమూ నానబెట్టిన నీళ్లే అక్కడి సంప్రదాయ రంగుల మూలాలు. కాబట్టి కలంకారీతో కుచ్చుల గౌను కుట్టుకుంటే అది అరువు ఫ్యాషనేం కాదు.

అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో రకరకాల సైజుల కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. అలాంటి నమూనాలను భద్రపరచుకున్నవాళ్లు అక్కడ పాతకాలపు గౌన్లను మళ్లీ కుట్టుకుంటున్నారు. మన ఇళ్లలో కాగితాలు దాచే అలవాటు తక్కువ. మనకు నమూనా జాకెట్టే. అది చిరిగిపోతే దాంతోపాటు ఆ కత్తిరింపూ పోతుంది.

విప్పితేనే తెలిసేది

పెట్టెలో పాత జాకెట్టు దొరికితే పారేయకండి. చిరిగిపోయినదైతే మరీ మంచిది. ఒకవైపు చేయి, పక్క కుట్లు మాత్రమే నెమ్మదిగా విప్పండి. రెండోవైపు ముట్టుకోవద్దు. విప్పినవైపు గుడ్డ ఏ ఆకారంలో కోశారో చెబుతుంది. విప్పనివైపు దాన్ని ఎలా అతికారో చెబుతుంది. విప్పిన ముక్కల్ని ఇస్త్రీ చేసి న్యూస్‌పేపరు మీద పరిచి గీసుకోండి. కుట్టులోకి పోయే గుడ్డను కలిపి గీయడం మరవొద్దు. పాతకాలంలో పక్క కుట్ల లోపల గుడ్డ ఎక్కువే వదిలేవారు. ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి! పరికిణీ అడుగు మడతలూ అందుకే. పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కో మడత విప్పేవారు.

నూలుగుడ్డను కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నాననిచ్చి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకులోనే జాకెట్టు బిగుతైపోతుంది. కలంకారీ అయితే రంగు అంటుకోకుండా విడిగా నానబెట్టాలి.

బుట్ట నిలవాలంటే

బుట్టచేతికి కిటుకు చిన్నదే. మామూలు చేయిని కాగితం మీద గీసి నిలువునా మధ్యకు కోయండి. రెండు ముక్కల మధ్య మూడంగుళాలు ఎడం పెట్టి, పై వంపును అంగుళం ఎత్తు పెంచి మళ్లీ గీయండి. గుడ్డ కోశాక పై అంచున పక్కపక్కనే రెండు వరుసలు పెద్ద కుట్లు వేసి, దారాలు లాగితే కుచ్చులు పడతాయి. కుచ్చులన్నీ భుజం మీదికి రావాలి, చంక కిందికి జరగకూడదు. బుట్ట వాలిపోతుంటే లోపల చిన్న నెట్టుగుడ్డ ముక్క వేస్తే నిలబడుతుంది.

కత్తెరకు ముందు మనసు

అసలు పరీక్ష అమ్మ పట్టుచీర దగ్గర. పాత చీరతో లంగా, గౌను కుట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. కానీ తప్పు కోస్తే అతకడానికి ఆ చీర మళ్లీ రాదు. అందుకే ముందు చవక గాడాగుడ్డతో ఒకటి కుట్టి, వేసుకుని, కూర్చుని లేచి చూడాలి. చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. మడతల దగ్గర దారం విడిపోయి సందులు కనిపిస్తే ఆ భాగం బరువు మోయదు. అంచు, పైటచెంగు మాత్రమే తీసి కొత్త గుడ్డకు అతుక్కోవచ్చు. గట్టిగా ఉంటే పల్చని నూలు లైనింగు వేసి, మిషన్‌కు 11వ నంబరు సూది ఎక్కించి కుట్టాలి. 

ఇంకో సంగతి. చీర అంచు పడుగు వెంట నడుస్తుంది. అంచును పాదాల దగ్గరికి తెస్తే లంగా పొడుగు చీర పన్నాను మించదు. మామూలుగా అది 45 అంగుళాలకు అటూఇటూ. పొడుగు చాలకపోతే నడుం దగ్గర పట్టీ అతకాలే తప్ప అంచు పోగొట్టుకోకూడదు.

అన్నిటికంటే ముందు చీర ఎవరిదో వాళ్లను అడగాలి. ‘పెట్టెలో ముక్కిపోయేకంటే నువ్వు కట్టుకుంటే అదే చాలు’ అనే అమ్మలుంటారు. ‘నా తర్వాత నీ ఇష్టం’ అనే అమ్మలూ ఉంటారు. రెండో మాట వినిపిస్తే కత్తెర పక్కన పెట్టేయడమే మర్యాద. అప్పటికి వస్త్రలత దాకా వెళ్లి అలాంటి రంగుదే కొత్త గుడ్డ తెచ్చుకుంటే సరి.

బామ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే పాత జాకెట్టు ఆమె చేతికిచ్చి, ఎలా కుట్టారో అడగండి. సూదిలో దారం ఎక్కించలేకపోయినా, కుచ్చు ఎక్కడ మొదలవ్వాలో ఆమె వేలు చూపిస్తుంది. ఏ పుస్తకమూ అంత సులువుగా చెప్పలేదు. ఆ తర్వాత మీరు గీసిన కాగితం మీద ఎవరి జాకెట్టో, ఏ సంవత్సరమో, ఛాతీ, నడుం కొలతలెంతో రాసి అదే పెట్టెలో పెట్టేయండి. రేపు మీ మనవరాలికి ఆది అదే!