అండమాన్‌లో రైలు కల... బస్సే దిక్కు!
పెరుగుతున్న శివార్లు, తరగని దూరాలు - ద్వీపాల రవాణాపై ఎడతెగని చర్చ

అండమాన్ దీవులలో ప్రయాణికుల రైలు కూత ఇంతవరకు వినబడలేదు. అయినా రైలు గురించిన చర్చ మాత్రం అక్కడ ఆగలేదు. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పేరొందిన శ్రీ విజయపురం నుంచి ఉత్తర కొసన ఉన్న దిగ్లీపూర్ వరకు 240 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలన్న ప్రతిపాదనకు 2017లో రైల్వే మంత్రిత్వ శాఖ సూత్రప్రాయంగా సుముఖత తెలిపింది. ఏళ్లు గడిచినా పట్టాలు పడలేదు. ఈలోగా రాజధాని శివార్లు పెరిగాయి, విమానాశ్రయం విస్తరించింది, రోడ్ల మీద రద్దీ హెచ్చింది. సామాన్యుడికి మాత్రం నాడూ నేడూ బస్సే దిక్కు. పరిమితమైన ప్రజాధనాన్ని రైలు మీద వెచ్చించాలా, బస్సుల మీద వెచ్చించాలా అన్న ప్రశ్న ఈ నేపథ్యంలోనే ఉత్పన్నమవుతోంది.

1951 జనాభా లెక్కల నాటికి అండమాన్ నికోబార్ దీవుల జనాభా 30,971 మాత్రమే. 2011 నాటికి అది 3,80,581కి చేరింది. ఇందులో సుమారు 2 లక్షల 38 వేల మంది రాజధాని ఉన్న దక్షిణ అండమాన్ జిల్లావాసులే. తెలుగు మాతృభాషగా గలవారు మొత్తం జనాభాలో సుమారు 13 శాతం, అంటే దాదాపు 50 వేల మంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలిపనులకు, వర్తకానికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అధికం. 2023 మార్చిలో తెలుగుదేశం పార్టీకి చెందిన ఎస్. సెల్వి పురపాలక మండలి అధ్యక్షురాలిగా ఎన్నిక కావడం గమనార్హం. కనుక ద్వీపాల రాకపోకల సమస్య తెలుగువారికి పరాయి సమస్య కాదు.

శివార్ల గోడు

రాజధాని నగరం కొండల మీద, సముద్రపు పాయల నడుమ విస్తరించిన ఊరు. మధ్యలో అబర్డీన్ బజారు, మోహన్‌పురా బస్ స్టాండు. ఒక పక్క హడ్డో రేవు, చాథమ్. మరో పక్క జంగ్లీఘాట్. ఇక్కడ ఖాళీ స్థలం కరవైన కొద్దీ కొత్త ఇళ్లు డాలీగంజ్, గారాచర్మ, ప్రోత్రాపూర్, బాథూ బస్తీల వైపు సాగాయి. పురపాలక మండలి వార్డులు 18 నుంచి 24కు పెరగడం ఈ విస్తరణకు నిదర్శనం. నివాసాలు శివార్లకు తరలినా కార్యాలయాలు, కళాశాలలు, రేవు, జి.బి. పంత్ ఆసుపత్రి నగరంలోనే ఉండిపోయాయి. ఫలితంగా ఉదయం అందరూ ఒకే దిక్కుకు, సాయంత్రం అందరూ మరో దిక్కుకు ప్రయాణించవలసి వస్తోంది. కొండవాలు రోడ్లను వెడల్పు చేయడం అంత సులభం కాదు.

ఈ భారాన్ని మోస్తున్నవి ప్రభుత్వ రవాణా సర్వీసు బస్సులు, ప్రైవేటు మినీబస్సులు. వీటికి ఇటీవలి కాలంలో విద్యుత్ బస్సులు తోడయ్యాయి. ఎన్.టి.పి.సి. అనుబంధ సంస్థ అయిన విద్యుత్ వ్యాపార్ నిగమ్ ద్వీపాల రవాణా శాఖకు 40 విద్యుత్ బస్సులు సమకూర్చింది. పొగ, రొద లేని ఈ బస్సులు కొండ రోడ్లకు అనువైనవే. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ద్వీపాలకు ప్రధాన భూభాగంతో విద్యుత్ లైన్ల అనుసంధానం లేదు. విద్యుత్తులో అధికభాగం ఓడలలో తెచ్చిన డీజిలుతో జనరేటర్ల ద్వారా ఉత్పత్తి చేస్తున్నదే. బస్సులో కాలవలసిన డీజిలు విద్యుత్ కేంద్రంలో కాలితే లాభం సగమే. నైవేలీ లిగ్నైట్ సంస్థ 2020లో అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో నెలకొల్పిన 20 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వంటివి పెరిగినప్పుడే విద్యుత్ బస్సు ప్రయోజనం సంపూర్ణమవుతుంది.

తేలిక రైలు సాధ్యమా?

ప్రధాన భూభాగంలోని నగరాల వలె ఇక్కడ కూడా తేలికపాటి రైలు ఎందుకు వేయరాదన్న ప్రశ్న సహజం. అంకెలు అందుకు అనుకూలంగా లేవు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ‘మెట్రోలైట్’ ప్రమాణాల ప్రకారం ఈ తరహా రైలు రద్దీవేళ గంటకు ఒక దిశలో 15,000 మంది వరకు చేరవేయగలదు. 2011 లెక్కల ప్రకారం పోర్ట్ బ్లెయిర్ జనాభా 1,08,058. అంటే ఊరు ఊరంతటినీ ఆ రైలు ఏడున్నర గంటల లోపే తరలించగలదన్నమాట! నిర్మాణ వ్యయం సంగతి చెప్పనే అక్కరలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమోదించిన విశాఖ మెట్రో తొలిదశ 46.23 కిలోమీటర్లకు అంచనా 11,498 కోట్ల రూపాయలు. కిలోమీటరుకు దాదాపు 250 కోట్లు. లక్షల జనాభా గల విశాఖకే నిధుల సమీకరణ కష్టసాధ్యమైనప్పుడు చిన్న ద్వీపనగరం ఆ బరువు మోయగలదా?

దిగ్లీపూర్ రైలు లెక్కలు

దిగ్లీపూర్ రైలుమార్గం సంగతి వేరు. 2017 అంచనా ప్రకారం దీని వ్యయం 2,413.68 కోట్లు. కిలోమీటరుకు సుమారు 10 కోట్లు. రాజధాని నుంచి దిగ్లీపూర్‌కు బస్సులో 14 గంటలు, ఓడలో 24 గంటలు పట్టే ప్రయాణం రైలులో మూడు గంటలకు కుదించుకుపోతుందని ఆనాడు పేర్కొన్నారు. పర్యాటకుల రాక పెరుగుతుందని, సరిహద్దు ద్వీపాల రక్షణకు సైతం ఈ మార్గం కీలకమని సమర్థకుల వాదన. పంట, చేపల సరకు చెడిపోకుండా రాజధాని విపణికి చేరుతుందన్న ఆశ కూడా లేకపోలేదు. ప్రాణాపాయంలో ఉన్న రోగిని జి.బి. పంత్ ఆసుపత్రికి తరలించవలసి వచ్చినప్పుడు పద్నాలుగు గంటలు ఎంతటి వ్యవధో ఉత్తర అండమాన్‌వాసులకు వేరే చెప్పనవసరం లేదు.

అయితే ఈ మార్గంపై వచ్చే రాబడి రేటు మైనస్ 9.64 శాతమని రైల్వేల లెక్కలే తేల్చాయి. నిర్వహణ నష్టాలలో సగం భరించడానికి ద్వీపాల పాలనాయంత్రాంగం ముందుకు రావడంతోనే ఫైలు కదిలింది. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా జనాభా 2011లో 1,05,597. నిర్మాణ వ్యయాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే తలకు రెండు లక్షల 28 వేల రూపాయలకు పైగా పడుతుంది. రక్షణ అవసరాన్ని డబ్బుతో కొలవరాదన్న మాట నిజమే. కాని ఆ మొత్తంలో స్వల్పభాగంతో ఎన్ని బస్సులు, ఎన్ని పడవలు వస్తాయన్న ప్రశ్నను కూడా తోసిపుచ్చలేము.

అడవి, భూకంపం, జరావాలు

డబ్బును మించిన అవరోధాలు మరి మూడు ఉన్నాయి. మొదటిది అడవి. ద్వీపాల విస్తీర్ణంలో నూటికి 80 పాళ్లకు మించి అరణ్యమే. రెండవది భూకంపం. ఈ దీవులు అత్యంత ప్రమాదకరమైన భూకంప మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి పెను భూకంపానికి రాజధాని ప్రాంతంలో నేల కుంగింది. గారాచర్మ దాటిన తరువాత వచ్చే సిప్పీఘాట్ పల్లపు పొలాలలోకి సముద్రపు నీరు చొచ్చుకువచ్చింది. నేలే కదిలే చోట పట్టాల భద్రత మాటేమిటన్నది ఇంజనీర్లు సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

మూడవది అన్నింటికంటే సున్నితమైనది. దిగ్లీపూర్‌కు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దాటగానే జరావా గిరిజనుల రక్షిత ప్రాంతంలో ప్రవేశిస్తుంది. 2011లో జరావాల సంఖ్య 380 మాత్రమే. ఈ ప్రాంతంలో రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002 మే నెలలో ఆదేశించింది. రోడ్డు మాత్రం మూతపడలేదు. వాహనాలను నిర్ణీత వేళలలో, పోలీసు కాపలాతో బారులుగా పంపించే పద్ధతి కొనసాగింది. రోడ్డే వివాదాస్పదమైన చోట రైలు పట్టాలు ఆ ఆదిమజాతి మనుగడకు మరెంత ముప్పు తెస్తాయోనని మానవశాస్త్రవేత్తల ఆందోళన. పగటివేళ మాత్రమే సాగే ఈ బారులను నమ్ముకొని రాకపోకలు సాగించే పల్లెజనం కష్టమూ కాదనలేనిదే.

సముద్రమే రహదారి

ఈ వాదోపవాదాలలో మరుగున పడుతున్నది సముద్రమార్గం. చాథమ్ నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న బంబూఫ్లాట్‌కు పడవలో కొద్ది నిమిషాల ప్రయాణం. రోడ్డున పోతే సముద్రపు పాయ చుట్టూ తిరిగి రావాలి. బస్సు వేళలకు, పడవ వేళలకు పొత్తు కుదిర్చి, ఒకే టిక్కెట్టుతో రెండింటా ప్రయాణించే వీలు కల్పిస్తే శివార్ల భారం కొంతైనా తగ్గుతుంది. బారాటాంగ్‌కు జరావా ప్రాంతం తాకకుండా సముద్రంపై ప్రత్యామ్నాయ మార్గం ఏర్పరచడం ఈ దిశలో వేసిన అడుగే. హంఫ్రీ జలసంధిపై నిర్మించిన 1.45 కిలోమీటర్ల ఆజాద్ హింద్ ఫౌజ్ సేతువు బల్లకట్టు కోసం పడిగాపులను తప్పించింది. ఇటువంటి పనుల ఫలితం వెంటనే ప్రజలకు అందుతుంది.

2023 జులైలో ప్రారంభమైన కొత్త విమానాశ్రయ భవనానికి ఏటా 50 లక్షల ప్రయాణికుల సామర్థ్యం ఉంది. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయంతో పాటు లక్షల జనాభాకు సరిపడే కొత్త నగరం నిర్మించాలన్న బృహత్ పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అతిథులకు ద్వారాలు విశాలంగా తెరుస్తున్న ప్రభుత్వం, గారాచర్మ నుంచి పనికి పోయే కూలీకి, దిగ్లీపూర్ నుంచి ఆసుపత్రికి వచ్చే రోగికి దారి చూపవలసి ఉంది. రైలు రేపటి మాట. సమయానికి వచ్చే బస్సు, తప్పని పడవ నేటి అవసరం. నేటి అవసరం తీరకుండా రేపటి కలలు ఎన్ని కన్నా ద్వీపవాసికి ఒరిగేదేమీ ఉండదు.