పెన్సిలు ముల్లు - ఉక్కు పదును

అక్షరాభ్యాసం నాడు పలక మీద బలపంతో దిద్దిన చేతికి కొంతకాలానికి పెన్సిలు అందుతుంది. బలపం అరిగినా రాస్తూనే ఉంటుంది. పెన్సిలు అలా కాదు. దాని ముల్లు మొద్దుబారితే అక్షరం లావెక్కుతుంది. విరిగితే రాత ఆగిపోతుంది. తాటాకుల మీద గ్రంథాలు రాసిన కాలంలో గంటానికి పదును పెట్టుకోవడం కూడా రాతపనిలో భాగంగానే ఉండేది. నేడు ఆ పనిని షార్పెనరు అనే చిన్న పనిముట్టు చేస్తున్నది. దీనినే కొన్నిచోట్ల మెండరు అంటారు. అరచేతిలో ఇమిడిపోయే ఈ వస్తువును గూర్చి పెద్దలు సాధారణంగా ఆలోచించరు. పిల్లల చదువు ఇంటిలోనే సాగవలసి వచ్చినప్పుడు మాత్రం దీని మంచిచెడ్డలు బయటపడతాయి.

కొవిడ్ మహమ్మారి కారణంగా 2020 మార్చిలో తెలంగాణలోని బడులు మూతబడ్డాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ఇంటింటికి చేరాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో అనేక ఇండ్లు అప్పటికే పనిచోట్లు. సిరిసిల్లలో వీధివీధినా మరమగ్గాల చప్పుడు. మూడు పట్టణాలలోను ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే తల్లులు. తండ్రి గల్ఫు దేశంలో ఉండగా తల్లి ఒక్కతే సంసారం ఈదుతున్న కుటుంబాలు. అటువంటి ఇంటిలో టీవీ ముందు ఇద్దరో ముగ్గురో పిల్లలు నోటుపుస్తకాలతో కూర్చొన్నారు. బడిలో ముల్లు విరిగితే పక్క పిల్లవాని షార్పెనరు దొరుకుతుంది. ఇంటిలో అందరికీ కలిపి ఉండేది ఒక్కటే. అది మొరాయిస్తే టీవీలో పాఠం ఆగదు; పిల్లవాని చేయి మాత్రం ఆగిపోతుంది.

బడులు తిరిగి తెరిచాక ఆ అవసరం చాలావరకు తీరింది. అయినా ఇంటివద్ద చదివి, 14 సంవత్సరాలు నిండిన తర్వాత సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చొనే విద్యార్థులు ఉన్నారు. కావాలని ఇంటిలోనే చదువు చెప్పించుకొనే కుటుంబాలూ అక్కడక్కడ కనిపిస్తాయి. వారికి ఈ విషయం పనికివస్తుంది.

షార్పెనరు చేతికి అందనప్పుడు పిల్లలు ఆశ్రయించేది గడ్డం గీసుకొనే బ్లేడును. దానిని నిలువునా విరిచి, ఒక సగంతో పెన్సిలు చెక్కడం తెలుగునాట తరతరాల అలవాటు. నేర్పుగల చేతిలో అది చక్కని సాధనమే. చిత్రకారులు నేటికీ పొడవైన ముల్లు కోసం కత్తితోనే చెక్కుకొంటారు. ఆరేళ్ల బిడ్డ చేతిలో అదే బ్లేడు ప్రమాదకరం. పెన్సిలును పట్టుకొన్న ఎడమచేతి బొటనవేలు సరిగా బ్లేడు దారిలోనే ఉంటుంది. తల్లి రెండు చేతులూ బీడీల పనిలో ఉన్న ఇంటిలో ఆ వేలిని కనిపెట్టి ఉండేవారెవరు? షార్పెనరు గొప్పతనమంతా ఆ పదునును వేలికి అందకుండా ఒక గూటిలో బిగించి ఉంచడంలోనే ఉంది.

పెన్సిలు లోపల ఉన్నది సీసం కాదు. అది కర్బనం యొక్క ఒక రూపమైన గ్రాఫైటు. 16వ శతాబ్దిలో ఇంగ్లండులోని బారోడేల్ వద్ద దొరికిన స్వచ్ఛమైన గ్రాఫైటును సీసపు జాతి ఖనిజమని భ్రమించారు. ఆ పొరపాటు ఇంగ్లీషు మాటలో ఇప్పటికీ నిలిచిపోయింది. 1795లో ఫ్రాన్సు దేశస్థుడైన కోంటె గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి, కడ్డీలుగా చేసి, బట్టీలో కాల్చే పద్ధతిని కనిపెట్టాడు. మట్టి పాలు పెరిగితే ముల్లు గట్టిపడుతుంది, గీత పలచనవుతుంది. కుమ్మరి ఆవములో కాలిన కుండ వంటిదే ఈ కడ్డీ కూడా: గట్టిదే గాని పెళుసు. పెన్సిలు నేల మీద పడినప్పుడు చెక్క చెక్కుచెదరకపోయినా లోపలి కడ్డీ రెండు మూడు చోట్ల విరిగిపోతుంది. అటుపై ఎంత మంచి షార్పెనరుతో చెక్కినా ముల్లు ఊడి పడుతూనే ఉంటుంది. నేరం పెన్సిలు కింద పడడంలో ఉంటే నింద షార్పెనరు మీద పడుతుంది. కొత్తది కొనే ముందు మరొక పెన్సిలుతో పరీక్షించి చూడడం వివేకం.

చెక్క సంగతి కూడా ఇటువంటిదే. మన దేశంలోని పెన్సిలు పరిశ్రమకు కావలసిన చెక్కలో ఎక్కువ భాగం కాశ్మీరులోని పుల్వామా జిల్లా నుండి వస్తుంది. అది పాప్లర్ చెట్టు కలప. 1958లో స్థాపితమైన హిందుస్థాన్ పెన్సిల్స్ సంస్థ తయారుచేసే నటరాజ్, అప్సర పెన్సిళ్లు తెలుగు పల్లెల కిరాణా దుకాణాలలో కూడా దొరుకుతాయి. అదే సంస్థ షార్పెనర్లను కూడా చేస్తుంది. చెక్కలో కడ్డీ సరిగా నడుమ లేకపోతే ఒక పక్క చెక్క తెగకుండా ముల్లును కప్పుకొని ఉంటుంది. అటువంటి పెన్సిలును వెనుక వైపు నుండి చూసినప్పుడే లోపం తెలిసిపోతుంది.

పెన్సిలు పుట్టిన తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దానిని చెక్కడానికి కత్తి తప్ప వేరే దిక్కు లేకపోయింది. 1828లో ఫ్రాన్సులో బెర్నార్ లాసిమోన్ అనే గణితవేత్త చెక్కుడు సాధనానికి హక్కుపత్రం కోరాడు. 1847లో అదే దేశానికి చెందిన తియెరీ దె ఎస్తివో నేటి చిన్న షార్పెనరుకు మూలమైన శంకువు ఆకారపు రంధ్రాన్ని రూపొందించాడు. 1897లో అమెరికాలో జాన్ లీ లవ్ అనే నల్లజాతి వడ్రంగి, పిడి తిప్పితే చెక్కే షార్పెనరుకు హక్కుపత్రం పొందాడు. పొట్టు కింద రాలకుండా పట్టే అర కూడా అందులో ఉంది. పెన్సిలు పొట్టును పాలలో వేస్తే రబ్బరు అవుతుందని నమ్మి దాచుకొన్న పిల్లలకు ఆ అర మిక్కిలి నచ్చి ఉండేది!

షార్పెనరు పనితీరు వడ్రంగి చిత్రిక పట్టడం వంటిదే. శంకువు ఆకారపు రంధ్రం పక్కగా బ్లేడు వాలుగా అమరి ఉంటుంది. పెన్సిలును తిప్పినప్పుడు అది చెక్కను పలచని పొరగా లేపుతుంది. బ్లేడు పదునుగా ఉన్నప్పుడు పొర తెగకుండా, అంచున రంగు గీతతో, విసనకర్రలాగా విచ్చుకొంటూ బయటికి వస్తుంది. పొట్టు పొడిపొడిగా రాలుతున్నదంటే బ్లేడు కోయడం లేదని, చెక్కను చీలుస్తున్నదని గ్రహించాలి. సిరిసిల్ల నేతపనివారికి ఈ భేదం చెప్పనక్కరలేదు. మొండి కత్తి నూలుపోగును తెంపదు, లాగుతుంది. ఆ లాగుడే పెన్సిలు ముల్లును విరుస్తుంది.

కాబట్టి మన్నిక అంటే ప్రధానంగా బ్లేడు మన్నిక. బ్లేడును అధిక కర్బనం గల ఉక్కుతో చేసి, కాల్చి గట్టిపరుస్తారు. ఈ రహస్యం కోరుట్ల పరిసరాలకు కొత్తది కాదు. కోరుట్లకు పడమరన, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉంది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో పెట్టి, కొలిమిలో కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు చేసేవారు. వాటిలో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. గోల్కొండ రాజ్యపు ఈ ఉక్కును 17వ శతాబ్దిలో ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ప్రస్తావించాడు. పశ్చిమాసియాలో పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇటువంటి ఉక్కే మూలం. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రం పనితీరును స్వయంగా చూసి రాసిన వర్ణన 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పాశ్చాత్యులు దీనిని వూట్జ్ అన్నారు. ఆ మాట 'ఉక్కు' అన్న దక్షిణాది పదం నుండి పుట్టిందని పండితుల అభిప్రాయం. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్ర పరిశోధన జరిపినప్పుడు, కరీంనగర్ ప్రాంతంతో సహా అనేక చోట్ల పాత కొలుముల చిట్టెపు దిబ్బలు వెలుగులోకి వచ్చాయి. ఖండాంతరాలకు పదునును ఎగుమతి చేసిన నేల మీద నేడు పిల్లవాని పెన్సిలుకు పదును దొరకకపోవడం విచిత్రమే.

ఇక ఎంపిక. ప్లాస్టిక్ ఒంటితో వచ్చే చవక షార్పెనరులో సాధారణంగా బ్లేడు కంటె ముందు చెడేది మర బిగించిన చోటు. బిగువు సడలగానే బ్లేడు కదులుతుంది, చెక్క హెచ్చుతగ్గులుగా తెగుతుంది. లోహపు ఒంటిలో మర పట్టు నిలుస్తుంది. లోహపు షార్పెనర్లలో రెండు రకాలు ప్రసిద్ధం: ఇత్తడి, మెగ్నీషియం మిశ్రమలోహం. నీటికంటె ఇత్తడి ఎనిమిది రెట్లకు పైగా బరువు. మెగ్నీషియం రెండు రెట్లకు లోపే. చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఇత్తడిది ఎక్కువ కాలం నిలుస్తుంది, వెల కూడా ఎక్కువే. మెగ్నీషియంది ఇంటి వాడకానికి చాలు. అయితే దానిని తడిలో వదలరాదు. ఉప్పునీటిలో పడితే ఉక్కు బ్లేడును తాకి ఉన్న మెగ్నీషియం బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు. రసాయనశాస్త్ర ప్రయోగానికి బాగుంటుంది గాని షార్పెనరు మిగలదు.

కొనేటప్పుడు మొదట చూడవలసింది బ్లేడు మరతో బిగించి ఉందా, అతికించి ఉందా అన్నది. మరతో ఉన్నదైతే బ్లేడు అరిగినప్పుడు దానినొక్కదానినే మార్చవచ్చు. తరువాత దానిని వెలుతురుకు ఎత్తి చూడాలి. బ్లేడు అంచు రంధ్రం పొడవునా సమంగా ఉండాలి. మామూలు పెన్సిలు మందం సుమారు 7 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల లావుపాటి పెన్సిళ్లు ఇందులో దూరవు. వాటికోసం రెండు రంధ్రాల షార్పెనరు తీసుకోవలసి ఉంటుంది.

వెల విషయంలో ఒక లెక్క చూడవచ్చు. కొత్త పెన్సిలు పొడవు సుమారు 17.5 సెంటీమీటర్లు. చివరి 5 సెంటీమీటర్లు చేతికి పట్టు చిక్కక వదిలివేస్తారనుకొంటే, వాడుకకు మిగిలేది 12.5. ముల్లు మాటిమాటికీ విరిగి రోజుకు 5 మిల్లీమీటర్లు పోతే ఆ పెన్సిలు 25 రోజులు వస్తుంది. మంచి బ్లేడుతో 2 మిల్లీమీటర్లే పోతే రెండు నెలలు దాటుతుంది. ముగ్గురు పిల్లలున్న ఇంటిలో చవక షార్పెనరు మిగిల్చిన రూపాయలను పెన్సిళ్లే తినివేస్తాయి.

ముగ్గురు నలుగురు పిల్లలు ఒకేచోట రాసే ఇంటికి బల్ల అంచుకు బిగించే, పిడి తిప్పే యంత్రం అన్నిటికంటె ఉత్తమం. ఇందులో పలుచని బ్లేడుకు బదులు మెలితిరిగిన పళ్లుగల ఉక్కు కడ్డీలు పెన్సిలు చుట్టూ తిరుగుతాయి. పైగా అది బల్లను వదిలి పోదు. చిన్న షార్పెనర్లలో అరిగి పోయేవాటికంటె తప్పిపోయేవే ఎక్కువ. అయితే ముల్లు ఏర్పడిన వెంటనే ఆపడం పిల్లలకు నేర్పకపోతే, తిప్పడంలోని ఆనందంతో వారు పెన్సిలునంతా పొట్టు చేస్తారు.

రంగు పెన్సిళ్ల మైనం బ్లేడుకు అంటుకొని పదునును కప్పివేస్తుంది. అప్పుడు బ్లేడు అరిగిందని భ్రమపడక, ఒక నల్ల పెన్సిలును రెండు మూడు చుట్లు చెక్కితే ఆ మైనం చాలావరకు పొట్టుతో పాటు బయటికి వస్తుంది. ఇరుక్కొన్న ముల్లు ముక్కను గుండుసూదితో తీయరాదు. సూది ఉక్కు బ్లేడు అంచును గాటు పరుస్తుంది. అగ్గిపుల్ల చాలు. వానకాలంలో షార్పెనరును పొడిబట్టతో తుడిచి, మూతగల డబ్బాలో ఉంచాలి. బ్లేడు విప్పి మార్చే పని ఎప్పుడైనా పెద్దలదే. తీసివేసిన పాత బ్లేడును కాగితంలో చుట్టి పారవేయాలి, ఎందుకంటే పెన్సిలుకు చాలని పదును కూడా చిన్న వేలిని కోయడానికి చాలినంత ఉంటుంది.