పంటలో వాటా, నష్టంలోనూ వాటా

కోసిన ఆకుకూర కూడా శ్వాసక్రియ సాగిస్తూనే ఉంటుంది. దానిలోని చక్కెరలు ఖర్చవుతాయి. విటమిన్ సి క్రమంగా తరుగుతుంది. శీతలీకరణ ఈ క్షీణతను మందగింపజేయగలదే గాని ఆపలేదు. కనుక పొలానికీ వంటింటికీ దూరం ఎంత తగ్గితే అంత మేలు.

ఆ దూరాన్ని తగ్గించే వాటా సేద్యం అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్‌లతో ఆరంభమైంది. ఈ పద్ధతిలో సాధారణంగా సభ్యులు విత్తుకు ముందే సొమ్ము చెల్లించి, పంటకాలమంతా వారంవారం కూరలు అందుకుంటారు. రైతుకు పెట్టుబడి చేతికందుతుంది. వడగళ్లు కురిస్తే మాత్రం సభ్యుల బుట్ట కూడా తేలికవుతుంది.

గోంగూర ఆశించిన ఇంటికి కేల్, టర్నిప్ రావచ్చు. కేల్ పప్పులోనూ, టర్నిప్ పులుసులోనూ చక్కగా ఇముడుతాయి. వానకై ఆకాశం వంక చూసిన రైతుల బిడ్డలకు మిగిలిన పాఠం కొత్తది కాదు.