రొమ్ము సౌందర్య శస్త్రచికిత్సకు ముందు మానసిక పరిశీలన: తెలుగులో అడగవలసిన ప్రశ్నలు

వ్యాస సంగ్రహం:
రొమ్ముల ఆకృతిని మార్చే శస్త్రచికిత్సకు ముందు జరగవలసిన మానసిక పరిశీలన అవసరాన్ని, విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పరిశీలన ప్రధానంగా సంభాషణపై ఆధారపడుతుంది. కనుక అందులో వాడే తెలుగు ఎలా ఉండాలన్న ప్రశ్నను కూడా ఇది చర్చిస్తుంది.

కీలక పదాలు: సౌందర్య శస్త్రచికిత్స, మానసిక పరిశీలన, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్, సమ్మతి, స్త్రీల భాష.

1. ప్రవేశిక:
కుచములు, పయోధరములు, పాలిండ్లు, చనుగవ అంటూ కావ్యభాషలో పర్యాయపదాలకు కొదవ లేదు. వైద్యుని ఎదుట కూర్చున్న స్త్రీకి వాటిలో ఒక్కటీ అక్కరకు రాదు. 'రొమ్ము విరుచుకొని నిలిచాడు' అన్నప్పుడు ధైర్యాన్ని సూచించే మాటనే ఆమె గొంతు తగ్గించి పలుకుతుంది. లేదా 'ఇక్కడ' అని చేయి చూపి ఊరుకుంటుంది. స్త్రీ శరీరంపై సమాజం మోపిన విలువలను ఓల్గా 'రాజకీయ కథలు' సంపుటి చర్చకు పెట్టింది. సాహిత్యంలో మొదలైన ఆ చర్చ వైద్యుని గదిలోకి ఇంకా పూర్తిగా చేరలేదు.

2. చికిత్స నేపథ్యం:
సిలికాన్ జెల్ ఇంప్లాంటును తొలిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో అమర్చారు. 2021లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఇంప్లాంట్లపై ప్రత్యేక హెచ్చరికను తప్పనిసరి చేసింది. మన పొరుగున చెన్నైలో, స్టాన్లీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 2018లో పేదలకు ఉచితంగా రొమ్ము శస్త్రచికిత్సలు అందించే విభాగం మొదలైంది. ప్రభుత్వ ధనంతో సౌందర్య చికిత్సలు చేయవచ్చునా అన్న వాదం అప్పుడు చెలరేగింది. అయితే ఈ చికిత్సలన్నీ ఒక కోవకు చెందవు. క్యాన్సర్ వల్ల రొమ్ము కోల్పోయినవారికి చేసే పునర్నిర్మాణం వేరు, మెడనొప్పికీ నడుమునొప్పికీ కారణమైన భారాన్ని తగ్గించడం వేరు, కేవలం పరిమాణం పెంచడం వేరు. మానసిక పరిశీలన అన్నింటా మేలే కాని, చివరిదానిలో అది మరింత కీలకం.

3. పరిశీలన ఎందుకు?
లేని లోపాన్నో, ఇతరుల కంటికి ఆనని చిన్న లోపాన్నో పెద్దదిగా భావించి నిరంతరం మథనపడే స్థితిని 1891లో ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి గుర్తించి పేరుపెట్టాడు. నేడు దానిని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటున్నారు. సాధారణ జనంలో ఇది సుమారు 2 శాతం మందిలో ఉండగా, సౌందర్య శస్త్రచికిత్స కోరి వచ్చేవారిలో సుమారు 13 శాతమని 2016 నాటి ఒక సమీక్ష అంచనా వేసింది. ఇటువంటివారికి శస్త్రచికిత్స సాధారణంగా తృప్తినివ్వదు. ఆందోళన అలాగే మిగులుతుంది, లేదా మరో అవయవం మీదికి మళ్లుతుంది.

స్వీడన్‌లో ఇంప్లాంట్లు పొందిన 3,521 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2003లో వెలువడింది. వారిలో సుమారు 5 ఆత్మహత్యలు సంభవించవచ్చని లెక్కగట్టగా, 15 జరిగినట్లు తేలింది. ఇంప్లాంటే ఆత్మహత్యకు కారణమని దీని అర్థం కాదు. శస్త్రచికిత్సకు ముందే ఉన్న వ్యాకులతను ఎవరూ గమనించకపోయి ఉండవచ్చుననే వివరణ ఎక్కువ సమంజసం. పరిశీలన అవసరం అక్కడే స్పష్టమవుతుంది.

4. ఏమి అడగాలి?
బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2005లో కొన్ని సులభమైన ప్రశ్నలను సూచించింది. రూపాన్ని గురించి అతిగా చింతిస్తున్నారా, రోజులో ఎంతసేపు ఆ ఆలోచనలోనే గడుస్తుంది, దానివల్ల పనికీ స్నేహాలకూ అడ్డు కలుగుతున్నదా అన్నవి వాటి సారాంశం. రోజుకు గంటకు మించితే మరింత లోతుగా పరిశీలించాలి.

వీటిని మాటకు మాటగా తెలుగు చేస్తే చాలదు. 'మీరు ఆందోళన పడుతున్నారా?' అని అడిగితే 'అదేం లేదండీ' అన్న మర్యాద జవాబే రావచ్చు. మన స్త్రీల మాటల్లో సొంత బాధ తరచుగా పరుల నోట వినిపిస్తుంది: 'మా ఆడపడుచు అంది', 'పెళ్లిచూపుల్లో అనుకున్నారట'. కాబట్టి ప్రశ్న జీవితాన్ని తాకాలి. 'అద్దం ముందు ఎంతసేపు గడుపుతారు? పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానుకున్నారా? ఈ మాట మొదట ఎవరన్నారు? ఆపరేషన్ అయ్యాక ఏమి మారుతుందనుకుంటున్నారు?' చివరి ప్రశ్న ముఖ్యమైనది. 'జాకెట్టు సరిగా అమరుతుంది' అన్న ఆశ తీరగలదు. 'మా ఆయన మనసు మారుతుంది' అన్న ఆశను ఏ కత్తీ తీర్చలేదు.

5. పెడన వంటి చోట్ల:
పెడన అద్దకపువారు గుడ్డను ముందుగా కరక్కాయ ద్రావణంలో నానబెడతారు. ఆ పని సరిగా జరగకపోతే తరువాతి రంగు నిలవదు. మానసిక పరిశీలన కూడా అటువంటి ముందుపనే. ఇటువంటి పట్టణాలనుండి పెద్ద నగరానికి వెళ్లే స్త్రీ వెంట భర్తో, తల్లో ఉంటారు. జవాబులు వారే చెప్పవచ్చు. అందువల్ల ఆమెతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడటం అవసరం. అర్థమయ్యేలా వివరించి పొందినదే నిజమైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 సంఖ్యపై తెలుగులోనూ సలహా లభిస్తుంది.

6. ముగింపు:
మానసిక పరిశీలన స్త్రీ కోరికపై తీర్పు కాదు. శస్త్రచికిత్సను నిరాకరించడానికి సాకు అంతకన్నా కాదు. ఫలితాన్నిబట్టి చికిత్సకు పూనుకోవచ్చు, కొంతకాలం ఆగవచ్చు, లేదా ముందుగా మనసుకు చికిత్స చేయవచ్చు. ఏది చేసినా ఆమె తన మాటల్లో తన బాధ చెప్పుకోగలగాలి. అందుకు తగిన ప్రశ్నావళిని వాడుక తెలుగులో రూపొందించి, వివిధ ప్రాంతాల స్త్రీల మధ్య సరిచూడటం మనోవైద్యులతో పాటు భాషాధ్యాపకుల బాధ్యత కూడా.